సోఫా పడవకి మోటారు

మా తోడల్లుడంటే నాకు కడుపు మంట. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మొహంలో కూడా కనిపించనివ్వలేదనే నమ్మాను. అతను ఇంటికొస్తే ఎదురెళ్లి నవ్వేవాణ్ణి. మంచి కుర్చీ చూసి వేసేవాణ్ణి. అతను వెళ్లిపోయాక ఆ కుర్చీని గోడ పక్కకి జరిపేటప్పుడు మాత్రం కాస్త చప్పుడయ్యేది.

అతను చెడ్డవాడైతే నాకీ బాధ ఉండేది కాదు. తాగుబోతో, కోతలరాయుడో అయితే నలుగురిలో కూర్చుని హాయిగా తిట్టుకునేవాణ్ణి. మనిషి నెమ్మది. మాట తక్కువ. చెయ్యి పెడితే ఏ యంత్రమైనా తిరగాల్సిందే. సరస్సు ఒడ్డున రేకుల షెడ్డులో పడవల ఇంజన్లు, నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. ఇల్లు కూడా ఆ షెడ్డు వెనకే. మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్నాడు కాబట్టి వరసకి నాకు తమ్ముడు. నన్ను ‘అన్నయ్యా’ అంటాడు, ‘మీరు’ అంటాడు. ఆ మర్యాద కూడా నాకు గుచ్చుకునేది.

నాది సోఫాల పని. ఇరవై రెండేళ్లుగా పాత సోఫాల తోలు వలిచి, కుంగిపోయిన స్పాంజి తీసేసి కొత్తది పెట్టి, పైన రెక్సిన్ తొడిగి, అంచు వెంట ఇత్తడి తలల మేకులు వరసగా కొడుతున్నాను. గుప్పెడు మేకులు నోట్లో పోసుకుని ఒక్కొక్కదాన్ని నాలుకతో ముందుకు తోసి అందుకోవడం మా పనిలో అలవాటు. నా మేకుల వరస దారం పట్టి గీసినట్టు ఉంటుందని పేరుంది. కానీ సోఫాలో కూర్చున్నవాడు దాన్ని కుట్టినవాణ్ణి తలుచుకోడు. ఆగిపోయిన ఇంజన్ని కదిలించినవాణ్ణి మాత్రం దేవుడంటారు.

మా అత్తగారు మా ఇంట్లోనే ఉంటారు. మా ఇంట్లో తింటూ, నేను కుట్టిన దివాను మీద నడుం వాలుస్తూ, చిన్నల్లుడి భజన చేస్తారు. “మా చిన్నల్లుడు తాకితే చచ్చిన మోటారు కూడా లేచి కూర్చుంటుంది” అని పక్కింటావిడకి చెబుతుంటే నేను గోడ ఇవతల నోటినిండా మేకులతో వినేవాణ్ణి. మరి పెద్దాయనో అని ఆవిడ అడిగితే, “ఆయనా మంచివాడేలే” అనేవారు. అప్పుడు సుత్తి దెబ్బ నా వేలి మీద పడేది.

ఇవన్నీ భరించాను. నా వల్ల కానిది ఒక్కటే, మా పిట్ట విషయం.

పిట్ట మా ఒక్కగానొక్క కూతురు. పుట్టినప్పుడు పిట్టంత ఉండేదని ఆ పేరు పడింది, పదకొండేళ్లొచ్చినా పోలేదు. అది ఐదేళ్లప్పుడు, మూతపడిన ఒక పార్కు వాళ్ల దగ్గర పాత పెడల్ పడవ ఒకటి కొన్నాను. ఫైబరుది, నలుగురు పట్టేది. ముందు సీట్లో ఇద్దరు సైకిలు తొక్కినట్టు తొక్కితే మధ్యలో ఉన్న చక్రం నీళ్లని వెనక్కి తోస్తుంది. వెనక సీట్లో ఇద్దరు ఊరికే కూర్చోవచ్చు. పిట్ట కాళ్లు పెడళ్లకి అందేవి కావు. రెండు స్పాంజి దిమ్మలు కోసి, రెక్సిన్ తొడిగి, పెడళ్లకి కట్టాను. అప్పటి నుంచి ఆదివారం వస్తే నా పక్క సీటు దానిది. ఒడ్డుకి ఎంతో దూరం వెళ్లేవాళ్లం కాదు. గంటసేపు తొక్కినా రేవు కనబడుతూనే ఉండేది. అయినా అది చెప్పే కబుర్లకి గంట చాలేది కాదు.

కిందటేడు తోడల్లుడు ఎవరో పారేసిన చెక్క పడవని బాగుచేసి ఇంజను బిగించాడు. పది నిమిషాల్లో అవతలి ఒడ్డుకి వెళ్లొస్తున్నాడు. ఒక ఆదివారం పిట్ట రేవు మెట్ల మీద ఆగింది.

“నాన్నా, ఇవాళ బాబాయి పడవలో వెళ్లనా?”

“వెళ్లమ్మా, దానికేముంది” అన్నాను నవ్వుతూ.

ఆ రోజు నేనొక్కణ్ణే పడవ తొక్కాను. పక్క సీటు ఖాళీగా ఉంటే ఆ పడవ ఒక పక్కకి తిరిగిపోతుంది. గుండ్రంగా తిరుగుతూ, అవతలి ఒడ్డున నా కూతురు నవ్వుతున్న చప్పుడు వింటూ, వాడి ఇంజను ముక్కలైపోవాలని కోరుకున్నాను. పిట్ట పడవలో ఉందని గుర్తొచ్చి లెంపలు వేసుకున్నాను. ఆ తర్వాత మూడు ఆదివారాలు కూడా అదే తంతు. నాలుగోసారి పిట్ట అడగలేదు కూడా, తిన్నగా షెడ్డు వైపు నడిచింది.

నాకు కావలసింది అవతలి ఒడ్డు కాదు. నా కూతురు మళ్లీ నా పడవలో కూర్చోవాలి. ఇష్టపడి, తనంతట తాను వచ్చి కూర్చోవాలి. దానికి వాడి దగ్గరున్నది నా దగ్గర కూడా ఉండాలనుకున్నాను.

అలా చిన్న బ్యాటరీ మోటారు కొన్నాను. పడవ వెనక అంచుకి బిగించి, పిడి పట్టుకుని తిప్పే రకం. దానికో బ్యాటరీ. ఆ బ్యాటరీని ఎత్తేసరికి నా నడుం పట్టుకుపోయింది. దుకాణం వెనక వసారాలో పడవని బల్లల మీద ఎక్కించి, నెల రోజులు సోఫాల పని కూడా పక్కన పెట్టి, దాని మీద పడ్డాను.

నేను మెకానిక్కుని కాను, పనివాణ్ణి. నా పని నాకు తెలిసినట్టు చేశాను. వెనక అంచున మోటారు కోసం మందపాటి చెక్క బిగించాను. బ్యాటరీ పక్కనే ఉంటే తీగ పొడుగు అక్కర్లేదని దాన్ని వెనక సీటు కిందే పెట్టాను. పడవ లోపల గుల్లగా ఉంటుంది. వెనక గుండ్రటి మూత ఉంది. అందులోంచి నా దుకాణంలో మిగిలిన స్పాంజి ముక్కలన్నీ కూరాను. ఎప్పుడైనా నీళ్లొస్తే స్పాంజి తేలుస్తుందని నా ధీమా. పైన ముదురు ఎరుపు రెక్సిన్. సీట్లకి నాలుగంగుళాల మెత్త. వెనక అంచు చుట్టూ రెక్సిన్‌ని కిందికి లాగి, ఫైబరుకి సన్నటి బెజ్జాలు వేసి, ముప్పై రెండు ఇత్తడి మేకులు కొట్టాను. వరస కాస్త వంకరొచ్చిన చోట ఏడు మేకులు పీకి పక్కన మళ్లీ కొట్టాను. పాత బెజ్జాలు రెక్సిన్ కింద కనబడవు. సోఫాకైతే మేం అలాగే చేస్తాం. సీటు పక్కన తుప్పు రేకు ఒకటి ఉండేది, పడవ ఎంత బరువు మోస్తుందో రాసి ఉండేది. చూడ్డానికి అసహ్యంగా ఉందని దాని మీద కూడా రెక్సిన్ లాగేశాను.

ఒక సాయంత్రం రేవులో దింపి ఒక్కణ్ణే తిప్పి చూశాను. నేను వెనక కూర్చుని పిడి తిప్పగానే పడవ మూతి పైకెత్తి బయల్దేరింది. బరువు వెనక పడితే ముందుభాగం లేస్తుందని అప్పుడు నాకు తట్టలేదు. నా పడవకి పొగరొచ్చిందని మురిసిపోయాను. మోటారు లాగుతుంటే మధ్య చక్రం దానంతటదే తిరిగి, పెడళ్లు గిర్రున తిరుగుతున్నాయి. ఎవరి మోకాలి చిప్పకైనా తగిలితే అంతే సంగతులు. ఇంటికొచ్చాక రెక్సిన్ పట్టీతో పెడళ్లని కట్టి, ముడి జారకుండా మందపు దారంతో కుట్టేశాను.

మర్నాడు తోడల్లుడు వసారాలోకి వచ్చాడు. మా ఆవిడే చెప్పి పంపిందట. పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. గొంతుక్కూర్చుని వెనక అంచుని వేలి కణుపులతో తట్టాడు. మూత తీసి లోపల చెయ్యి పెట్టి స్పాంజి నొక్కి చూశాడు. అతను మెచ్చుకుంటాడేమోనని నేను సుత్తి తుడుస్తూ నిలబడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, వాడి నోటి వెంట బాగుంది అన్న మాట కోసం నా ప్రాణం కొట్టుకుంది.

“కుట్టు బాగుంది అన్నయ్యా” అన్నాడు. “కానీ ఇది కాళ్లతో తొక్కడానికి చేసిన పడవ. వెనక అంత బరువు మొయ్యదు. మోటారు పెట్టాలనుకుంటే బ్యాటరీని ముందు సీటు కిందికి మార్చండి. ఇద్దరికి మించి ఎక్కొద్దు. స్పాంజి తీసేయండి, అది నీళ్లు తాగుతుంది. గట్టి థర్మోకోల్ దిమ్మలు నేనిస్తాను.”

“స్పాంజి సంగతి నాకు చెబుతున్నావా?”

“సోఫాలో స్పాంజి సంగతి మీకే తెలుసు. నీళ్లలో సంగతి చెబుతున్నాను. ఈ మేకులు కూడా చూడండి. పడవ ఖాళీగా ఉంటే నీటికి జానెడు పైన ఉంటాయి. నలుగురూ కూర్చున్నాక ఎక్కడుంటాయో కొలిచారా?”

“కొలిచాను” అన్నాను. కొలవలేదు.

“పెడళ్లు కుట్టేశారు. మోటారు ఆగితే ఎలా?”

“నేను బిగించింది ఆగదు.”

అతను లేచి చేతులు దులుపుకున్నాడు. “పోనీ ముందు నేను మీతో వస్తాను. ఒడ్డు పక్కనే తిప్పి చూద్దాం. పిట్టని మాత్రం అప్పుడే ఎక్కించకండి అన్నయ్యా.”

పిట్టని ఎక్కించొద్దు అనేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మిగతా మాటలన్నీ ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేశాను, ఆ ఒక్కటి పట్టుకున్నాను. దొరికావురా అనుకున్నాను. పిల్ల నా పడవ ఎక్కితే వీడి పడవ పక్కన ఎవరు నిలబడతారు, అదీ వీడి ఏడుపు. ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే కుళ్లుకుంటున్నాను అనుకున్నాను, ఇప్పుడు వీడి వంతు వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. భోజనం కూడా కడుపునిండా చేశాను.

“ఆదివారం అందరం వెళ్తున్నాం. నువ్వూ చూద్దువుగాని రా” అన్నాను.

ఆదివారం పొద్దున పిట్ట రేవుకి నాలుగు నారింజరంగు లైఫ్ జాకెట్లు మోసుకొచ్చింది. షెడ్డు నుంచి తెచ్చింది. నా ఎర్ర పడవ మీద ఆ నారింజరంగు చూడగానే ఒళ్లు మండింది.

“ఇవెందుకమ్మా? మనం ఏమైనా సముద్రం మీదికి వెళ్తున్నామా?”

“అమ్మమ్మకి ఈత రాదు నాన్నా” అంది. అప్పటికే అమ్మమ్మకి జాకెట్ తొడిగి పట్టీలు బిగిస్తోంది. మా అత్తగారు ఊపిరాడటం లేదని గొణిగారు గానీ చిన్నల్లుడు పంపాడు అనగానే నోరు మూసుకున్నారు. మా ఆవిడ మారు మాట్లాడకుండా తొడుక్కుంది. నేను నాది తీసి సీటు మీద పడేసి దాని మీద కూర్చున్నాను.

అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ముందు సీటులో పెడళ్ల మధ్య కాళ్లు పెట్టలేరు. అందుకని వెనక నా పక్కన కూర్చున్నారు. ఆవిడ కూర్చోగానే పడవ నిట్టూర్చినట్టు వెనక్కి దిగింది. ముందు సీట్లో మా ఆవిడ, పిట్ట. పిట్ట ఎక్కే ముందు రేవు చివర వంగుని పడవ వెనక వైపు కాసేపు చూసింది. తర్వాత నా మొహం వైపు చూసింది. వచ్చి కూర్చుంది.

నా కూతురు నా పడవలో కూర్చుంది. నాకు ఇంకేం కావాలి.

మోటారు చప్పుడు లేకుండా లాగింది. మా అత్తగారు సీటు నిమిరి, “మెత్తగా ఉంది బాబూ” అన్నారు. పెళ్లయిన పన్నెండేళ్లకి ఆవిడ నోట నాకు దక్కిన మెప్పు అది. నా కాళ్లు భూమ్మీద లేవు, నీళ్ల మీద కూడా లేవు. పిట్ట మాత్రం కబుర్లు చెప్పలేదు. ఒడ్డుకీ మాకూ మధ్య దూరం చూస్తూ కూర్చుంది.

సగం దూరం వెళ్లామో లేదో కుడివైపు తోడల్లుడి చెక్క పడవ కనిపించింది. గాలం వేసుకుని కూర్చున్నాడు. మేం కదిలితే కదులుతున్నాడు, మేం నెమ్మదిస్తే ఆగుతున్నాడు. చేపలు పట్టేవాడు ఎక్కడైనా ఒక చోట కూర్చుంటాడు. చూసి ఓర్వలేక వెంటపడ్డాడు అనుకున్నాను. చూడు, బాగా చూడు, కళ్లు చల్లబడేదాకా చూడు అనుకుని పిడిని చివరిదాకా తిప్పాను.

పడవ మూతి ఇంకా పైకి లేచింది. వెనక భాగం నీళ్లలోకి కూరుకుంది. కాసేపు బ్రహ్మాండంగా పోయింది. తర్వాత ఎంత తిప్పినా వేగం రావడం లేదు. పడవ బద్ధకంగా, నిద్రలో ఉన్నట్టు ఊగుతోంది. అత్తగారు కాళ్లు పైకి తీసుకున్నారు.

“బాబూ, ఇక్కడ తడిగా ఉంది.”

“తుంపర్లు అత్తయ్యా” అన్నాను.

తుంపర్లు కావు. నా ముప్పై రెండు మేకులూ, రెక్సిన్ కింద దాచిన ఏడు బెజ్జాలూ ఎప్పుడో నీళ్లలోకి దిగిపోయాయి. లోపల స్పాంజి హాయిగా తాగుతూ కూర్చుంది. ఎంత తాగితే అంత బరువు, ఎంత బరువైతే అంత కిందికి. పిట్ట వెనక్కి తిరిగింది.

“నాన్నా, మోటారు ఆపు.”

“ఏం కాలేదమ్మా.”

“ఆపు నాన్నా” అంది. అరవలేదు. అది అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆపబోయాను. అప్పటికి బ్యాటరీ పెట్టెలో నీళ్లు పడి మోటారు దానంతటదే చచ్చింది. చేతి పిడి ఎటు తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. మా ఆవిడ పెడళ్ల మీద కాళ్లు పెట్టింది. కదల్లేదు. నేను కుట్టిన కుట్టు ఊడేది కాదు.

“అమ్మా, నువ్వు కదలకు. అమ్మమ్మా, నువ్వు లేవొద్దు, కూర్చునే ముందుకి జరుగు, నా చెయ్యి పట్టుకో. నాన్నా, తీగ పీకేసి బ్యాటరీ నీళ్లలో పారెయ్.”

“కొత్త బ్యాటరీ...”

“పారెయ్.”

మోకాళ్ల లోతు నీళ్లలో తడుముకుని ఎత్తాను. దాన్ని అంచు దాటించేసరికి నా నడుం పట్టేసింది. అది ములిగాక పడవ వెనక భాగం రెండంగుళాలు లేచి, మళ్లీ దిగడం మొదలుపెట్టింది. నేను సీటు మీద పరిచిన జాకెట్ ఎటో తేలిపోయింది. నాకు ఈత వచ్చు, కానీ బట్టలతో, బిగుసుకున్న నడుంతో ఎంతసేపు. పిట్ట తన జాకెట్ పట్టీ విప్పి నా వైపు తోసింది.

“నీ చెయ్యి ఇందులో దూర్చు. నేనూ పట్టుకుంటాను. పడవని వదలొద్దు, అంతా ములగదు, ముందు భాగంలో గాలుంటుంది.”

గాలుంది. కానీ నా స్పాంజికి దాహం తీరలేదు. వెనక సీటు పూర్తిగా ములిగి, పడవ మూతి ఒక్కటీ ఆకాశం వైపు లేచింది. అత్తగారూ, మా ఆవిడా ఆ మూతిని కావలించుకుని ఉన్నారు. నేనూ పిట్టా ఒకే జాకెట్‌కి చెరో వైపు వేలాడుతూ నీళ్లలో ఉన్నాం. దాని పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అప్పుడు నాకు వినిపించిన ఇంజను చప్పుడంత కమ్మటి చప్పుడు నా జన్మలో వినలేదు. అయినా దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆ చప్పుడు వినగానే నా మనసులో మొదట వచ్చిన మాట, చివరికి ఇది కూడా వీడి చేతుల మీదే జరగాలా అని.

తోడల్లుడు ఇంజను ఆపి, తెడ్డుతో నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. ముందు అత్తగారు, తర్వాత మా ఆవిడ, తర్వాత పిట్ట. నా వంతు వచ్చినప్పుడు చంకల కింద చేతులేసి, బస్తాని లాగినట్టు లాగి పడవలో పడేశాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

అతని ఇంటికే వెళ్లాం. మరదలు ఆడవాళ్లకి పొడిబట్టలిచ్చింది. నాకు అతని చొక్కా, అతని ప్యాంటు ఇచ్చింది. ఆ చొక్కా నాకు సరిగ్గా సరిపోయింది. అదీ నాకు నచ్చలేదు. వంటింట్లోంచి అత్తగారి గొంతు వినబడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఆవిడ నన్ను తిట్టలేదు, చిన్నల్లుణ్ణి పొగడలేదు.

పెరటి మెట్ల మీద పిట్ట తల తుడుచుకుంటూ కూర్చుంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. నడుం నొప్పికి కూర్చోవడానికే చాలాసేపు పట్టింది.

“అవన్నీ ఎవరు నేర్పారమ్మా?”

“బాబాయి.”

“ఎప్పుడు?”

“పోయిన వారమంతా. బడి అయిపోయాక వెళ్లేదాన్ని. పడవ వెనక్కి కుంగితే ఎలా ఉంటుంది, ఎవరు ముందు జరగాలి, ఏది పారెయ్యాలి, అన్నీ అడిగాను. వెనకాల రమ్మని కూడా నేనే చెప్పాను. గాలం వేసుకుని రా బాబాయ్, నాన్న చూసినా అనుమానం రాదు అన్నాను.”

నడుం పట్టుకుని దాని వైపు తిరిగాను.

“అంటే ములుగుతుందని నీకు ముందే తెలుసా?”

“ములగొచ్చు అన్నాడు బాబాయి. ఎక్కొద్దు అన్నాడు. అమ్మతో చెప్పి ఆపిస్తానన్నాడు. నేనే వద్దని బతిమాలాను. నువ్వు చెప్తే నాన్న అస్సలు వినడు, ఇంకా పంతం పడతాడు, నేను లేకుండా అమ్మమ్మనీ అమ్మనీ ఎక్కించుకుని వెళ్లిపోతాడు అన్నాను.”

“తెలిసి తెలిసి ఎందుకు ఎక్కావే? భయం వెయ్యలేదా?”

పిట్ట తువ్వాలు మడత పెట్టింది. మళ్లీ విప్పింది.

“నీళ్లంటే నాకంత భయం లేదు నాన్నా. నేను బాబాయి పడవ ఎక్కిన రోజు నువ్వు ఆకలి లేదని చెప్పి పడుకుంటావు చూడు. అమ్మ రెండుసార్లు పిలుస్తుంది. నువ్వు గోడ వైపు తిరిగి ఉంటావు, నిద్రపోవు. నాకు అదంటే భయం.”

ఎవరికీ కనబడలేదని నేను ఇన్నాళ్లూ అనుకున్నది పదకొండేళ్ల పిల్ల ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి చూసింది. చూసి, నా కోపానికీ సరస్సుకీ మధ్య సరస్సే నయమని ఎంచుకుంది. నా కూతురు తనంతట తాను వచ్చి నా పడవలో కూర్చోవాలని కదా నేను కోరుకున్నది. కూర్చుంది. ఎందుకు కూర్చుందో కూడా ఇప్పుడు తెలిసింది.

మరదలు భోజనాలకి పిలిచింది. లోపల బల్ల దగ్గర తోడల్లుడు కూర్చుని ఉన్నాడు, పక్క కుర్చీ నా కోసం వెనక్కి లాగి పెట్టాడు. నన్ను చూసి, “రండి అన్నయ్యా” అన్నాడు. అతని మీద నా కడుపు మంట తగ్గిందా అంటే, తగ్గలేదు. అతని చొక్కా వేసుకుని, అతని ఇంట్లో, అతను తెచ్చిన ప్రాణంతో కూర్చోవాలంటే ఇంకాస్త ఎక్కువే మండింది.

వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. మరదలు వడ్డించింది. ఎదురుగా పిట్ట తన కంచంలో చెయ్యి పెట్టకుండా నన్నే చూస్తోంది.

ఆకలి లేదు. తిన్నాను. మరదలు ఇంకొంచెం వెయ్యనా అంటే వెయ్యమన్నాను, అదీ తిన్నాను. సగం దాకా తిన్నాక పిట్ట తల వంచుకుని తన కంచంలో చెయ్యి పెట్టింది.